ప్లాన్ గురించి రాసేముందు చట్టం తిరగేయి తమ్ముడూ

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ చదివాను. జాతీయ మానవ హక్కుల కమిషన్ స్ట్రాటజిక్ ప్లాన్ ఎలా ఉండాలి అనే టాపిక్, పేరు వినగానే సగం మంది పక్కకి పోతారు, అయినా ఎత్తుకున్నావు, సంతోషం. కానీ మొదటి రెండు పేజీల్లో అవగాహన, సాధికారత, సమన్వయం తప్ప ఇంకేం దొరకలేదు నాకు. ఆ పేజీలు పశుసంవర్ధక శాఖకి ఇచ్చినా పేరు మార్చుకుని వాడేసుకుంటారు.

ముందు ఈ కమిషన్‌ని పుట్టించిన 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం తెచ్చుకో, చిన్నదే. కమిషన్ సమన్లు ఇవ్వగలదు, రికార్డులు తెప్పించుకోగలదు, కానీ ఎంక్వైరీ అంతా అయ్యాక ప్రభుత్వానికి చేసేది సిఫార్సే. జవాబుకి నెల గడువు, అది కూడా కమిషన్ పొడిగించొచ్చు. సైన్యం మీద ఫిర్యాదైతే కేంద్రాన్ని రిపోర్టు అడగాల్సిందే. ఘటన జరిగి ఏడాది దాటితే ఎంక్వైరీకే వీల్లేదు. ఇవన్నీ వదిలేసి "కఠిన చర్యలు తీసుకోవాలి" అని రాస్తే ఎవరు తీసుకుంటారు చెప్పు?

తర్వాత ఒక్క ఫైలు పట్టుకో. నేనైతే కస్టడీ మరణం తీసుకుంటా. కమిషన్ పుట్టింది 1993 అక్టోబర్‌లో, డిసెంబర్‌కల్లా కలెక్టర్లకీ ఎస్పీలకీ కబురు వెళ్ళింది, కస్టడీలో మనిషి పోతే 24 గంటల్లో మాకు చెప్పాలి అని. ఆ తర్వాత పోస్ట్‌మార్టం వీడియో తీయమని కూడా అడిగింది. ఇప్పుడు ఆ ఫైలు వెనకాలే వెళ్ళు, సమాచారం టైముకే వచ్చింది అనుకో, పోస్ట్‌మార్టం రిపోర్టు వచ్చిందా, మరణం మీద మేజిస్ట్రేట్ చేసే ఎంక్వైరీ రిపోర్టు వచ్చిందా, రాకపోతే రిమైండర్ ఎవరు పంపారు, దానికీ జవాబు లేకపోతే ఏం చేశారు, ఈలోపు పోయినవాడి భార్యకి ఎవరైనా ఒక ఉత్తరం ముక్క రాశారా. ఫైలు ఎక్కడ ఆగుతోందో అక్కడ మనుషుల్నీ డబ్బునీ పెట్టడమే ప్లాన్. "కస్టడీ మరణాలు తగ్గిస్తాం" అనేది కోరిక మాత్రమే. ఏ జిల్లా రిపోర్టు పంపలేదో మూడు నెలలకోసారి పేరు పెట్టి బయటపెడతాం అని రాసుకుంటే అప్పుడు దానికి లెక్క అడగొచ్చు.

ఇంకోటి, నువ్వు అసలు ముట్టుకోనిది. కమిషన్ దర్యాప్తు విభాగానికి హెడ్ పోలీసు అధికారే, ఆఫీసు నడిపే సెక్రటరీ జనరల్ వచ్చేదీ ప్రభుత్వ సర్వీసు నుంచే. పోలీసుల మీద ఫిర్యాదు పోలీసులే చూస్తే నమ్మేదెవరు? ఇలాంటి కమిషన్లు ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా ఉండాలనే పారిస్ సూత్రాల ప్రకారం వాటికి గ్రేడులిచ్చే అంతర్జాతీయ కూటమి 2023లో, మళ్ళీ 2024లో మన కమిషన్ 'A' గ్రేడు కొనసాగింపుని వాయిదా వేసిందంటే చెప్పిన కారణాల్లో ఇదీ ఉంది. నా లెక్కలో ప్లాన్‌లో మొదటి పేజీ ఇదే ఉండాలి, శిక్షణ శిబిరాలూ పోస్టర్లూ చివర్లో చూసుకోవచ్చు.

అలాగని తిట్టడానికే కూర్చోకు. 2002 గుజరాత్ అల్లర్లలో మనుషుల్ని చంపిన బెస్ట్ బేకరీ కేసులో 2003లో నిందితులంతా విడుదలైతే సుప్రీంకోర్టుకి వెళ్ళింది ఈ కమిషనే, కోర్టుకి వెళ్ళే దారి చట్టంలో ముందునుంచీ ఉన్నదే. సిఫార్సు పక్కన పడేసినప్పుడు ఆ దారి ఎప్పుడు పట్టాలో ప్లాన్‌లో రాసుకోమని అడుగు, నీ వ్యాసానికి వెన్నెముక అక్కడ దొరుకుతుంది.

శిబిరాల గురించి ఉన్న మూడో పేజీ మొత్తం కొట్టేశాను, కోప్పడకు. కమిషన్ వార్షిక నివేదికతో పాటు ప్రభుత్వం పార్లమెంటులో పెట్టే మెమోరాండం ఉంటుంది, ఏ సిఫార్సు ఎందుకు ఒప్పుకోలేదో అందులో చెప్పాలి. అది చదివాక రెండో డ్రాఫ్ట్ పంపు.

మీ అన్న