పని నేర్పిన నాకు 500, నేర్చుకున్న అబ్బాయికి 2,000

ప్రశ్న: విజయవాడలో ఒక బట్టల షోరూంలో ఏడేళ్లుగా పట్టుచీరల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. నా వయసు 36. ఈసారి జీతాలు పెంచినప్పుడు నాకు 500 పెంచారు. రెండేళ్ల కిందట చేరిన అబ్బాయికి 2,000 పెంచారు. ఇప్పుడు అతని జీతం నాకంటే ఎక్కువ. అతనికి పని నేర్పింది నేనే. మేనేజర్‌ని అడిగితే, ‘మీ ఆయన కూడా సంపాదిస్తున్నాడు కదమ్మా, ఆ అబ్బాయి మీద అయితే వాళ్ల ఇల్లంతా ఆధారపడి ఉంది’ అన్నారు. అప్పటినుంచి ఆ అబ్బాయితో మాట్లాడటం మానేశాను. మా కౌంటర్‌లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లదీ ఇదే పరిస్థితి. రద్దీగా ఉన్నప్పుడు చీరలన్నీ నేను చూపిస్తాను, బిల్లు కౌంటర్‌కి స్లిప్పు అతను తీసుకెళ్తాడు. ఇప్పుడు పని మీద మనసు పోవడం లేదు. ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఊరికే కసురుతున్నాను. మా ఆయనేమో ‘పోనీలే, వదిలెయ్’ అంటారు. మానేద్దామనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బాధ న్యాయమైనదమ్మా. 500 దగ్గర ఇంత పట్టింపు ఏమిటని ఎవరైనా అంటే పట్టించుకోకండి. పక్కవాళ్లకూ 500 పెరిగి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారే కాదు. 1960లలో స్టేసీ ఆడమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతే చెప్పాడు. మనం పెట్టే శ్రమకు మనకు దక్కేదాన్ని, పక్కవాడి శ్రమకు అతనికి దక్కేదానితో పోల్చుకుంటాం. లెక్క కుదరకపోతే మనకు తెలియకుండానే శ్రమ తగ్గించి దాన్ని సరిచేసుకోవాలని చూస్తాం. మీకు పని మీద మనసు పోకపోవడం ఇదే. దాన్ని మీ బద్ధకం అనుకోవద్దు. అయితే చాలాకాలం ఇలాగే సాగితే నష్టం మీకే. రేపు మేనేజర్ మీ ముఖం చూసి ‘ఈవిడ ఈమధ్య సరిగా చేయడం లేదు, అందుకే పెంచలేదు’ అనేస్తాడు. ఆ మాట అనే అవకాశం అతనికి ఇవ్వకండి.

ముందు ఆ అబ్బాయి సంగతి. జీతం వేసింది అతను కాదు. చాలా షోరూముల్లో జరిగేది ఇదే: పక్క షాపువాళ్లు ఎక్కువిస్తామని పిలిస్తే, వెళ్లిపోతాడేమోనన్న భయంతో పెంచుతారు. ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఎక్కడికీ పోరన్న ధీమాతో వాళ్లకు చిల్లర విదిలిస్తారు. మీ నమ్మకస్తురాలితనమే మీ జీతాన్ని తొక్కిపెట్టిందంటే వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ చాలాసార్లు నిజం అదే. అతనితో మాట మానేస్తే మీ కౌంటర్ రెండు ముక్కలవుతుంది. మళ్లీ పలకరించండి. రేపు మీరు లెక్క అడిగేటప్పుడు ‘అక్కే నాకు నేర్పింది’ అని చెప్పగలిగింది అతనొక్కడే.

మీ ఉత్తరంలో స్లిప్పు గురించి రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పెళ్లివాళ్లు వచ్చి మూడు గంటలు కూర్చుంటారు. ధర్మవరం, ఉప్పాడ, కంచి అన్నీ విప్పించి, పెళ్లికూతురి భుజం మీద వేయించి, చివరికి నాలుగు తీసుకుంటారు. మిగతావి జరీ నలగకుండా మడతపెట్టి ర్యాక్‌లో సర్దేది మీరు. బిల్లు మీద పడే సేల్స్ కోడ్, అంటే ఎవరు అమ్మారో చూపే నంబరు మాత్రం స్లిప్పు తీసుకెళ్లినవాళ్లది. నెలాఖరుకు యజమాని ముందుకు వెళ్లేది కోడ్‌ల లెక్కే. మీ సగం పని ఆ కాగితంలో లేదు. ఈరోజునుంచి మీరు అమ్మిన దాని మీద మీ కోడ్ పడేలా చూసుకోండి. ఇద్దరూ కలిసి అమ్మితే ఎవరి కోడ్ వేయాలో ముందే మాట అనుకోండి. మిమ్మల్ని అడిగి వచ్చే పాత కస్టమర్లు, మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్లు, ఇవన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి.

ఇక మేనేజర్ అన్న మాట. నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. మీ ఆయన సంపాదనకూ, మీరు అమ్మే చీరలకూ ఏం సంబంధం? ఒకే పని, లేదా ఒకే తరహా పని చేసే ఆడవాళ్లకు, మగవాళ్లకు జీతంలో తేడా చూపకూడదని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో ఉన్న ‘వేతనాల కోడ్’ అనే చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది, అందులోనూ అదే నియమం ఉంది. ‘మగపిల్లలు మూటలు దించుతారు’ అనే జవాబు రావచ్చు. అతను నిజంగా రోజూ ఆ పని అదనంగా చేస్తుంటే అది ఆలోచించాల్సిన విషయమే. ఎప్పుడో ఒకసారి దించితే అది సాకు. మేనేజర్ ఆ మాట ఏ రోజు, ఎవరి ముందు అన్నారో గుర్తుండగానే రాసి పెట్టుకోండి. జీతంలో ప్రతి తేడా చట్టవిరుద్ధం కాదు, అనుభవాన్నిబట్టి, అమ్మకాలనుబట్టి తేడా ఉండొచ్చు. కానీ మీకు చెప్పిన కారణం ఆ రెండూ కాదు.

ఇంకొకటి చూడండి. షాపుల్లో పనిచేసేవాళ్ల కనీస వేతనంలో కరువు భత్యాన్ని ప్రభుత్వం ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో సవరిస్తుంది. మీకొచ్చిన 500 నిజంగా ఇంక్రిమెంటా, ఎలాగూ ఇవ్వాల్సిన భత్యమా? జీతం స్లిప్పు చూస్తే తెలుస్తుంది. స్లిప్పు ఇవ్వకపోతే అడగండి, ఇవ్వడం వాళ్ల బాధ్యత.

అడగడం ఎలా అంటే, మీ ముగ్గురూ కలిసి వెళ్లండి. పండగ రద్దీలో వద్దు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే వేళ, మేనేజర్‌తో పాటు యజమాని కూడా ఉన్నప్పుడు మంచిది. ‘వాడికెందుకు పెంచారు’ అని మొదలుపెట్టకండి. ‘జీతం పెంచడానికి మీరు ఏం చూస్తారో చెప్పండి, మా లెక్క ఇదిగో’ అనండి. నోటిమాటతో వదలక అదే సంగతి కాగితం మీద రాసిచ్చి, ఒక నకలు దగ్గర పెట్టుకోండి. నెల, రెండు నెలలు చూసినా జవాబు రాకపోతే కార్మిక శాఖ కార్యాలయంలో అర్జీ ఇవ్వచ్చు. అక్కడిదాకా వెళ్తే షాపులో వాతావరణం బిగుసుకుంటుంది, అది తెలిసే వెళ్లాలి. అందుకే ముగ్గురూ ఒక మాట మీద ఉండటం ముఖ్యం.

మానేయడం తప్పని నేను అనను. పట్టుచీరల్లో ఏడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఏ షాపుకైనా కావాలి. కోపంలో మాత్రం రాజీనామా రాయకండి. ముందు ఇంకోచోట ఎంతిస్తారో కనుక్కోండి, ఉద్యోగం ఖాయం చేసుకోండి. 10 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఐదేళ్లు దాటిన మీకు, మీ అంతట మీరే మానేసినా గ్రాట్యుటీ వస్తుంది. సర్వీసులో ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కకడతారు. అడగరని చాలామందికి ఇవ్వరు. అడిగి తీసుకోండి. పీఎఫ్‌ను కొత్త ఉద్యోగానికి బదిలీ చేయించుకోండి.

మీ ఆయన ‘వదిలెయ్’ అన్నది మిమ్మల్ని తేలిక చేయడానికి కాకపోవచ్చు, మీరు బాధపడటం చూడలేక అని ఉండొచ్చు. కానీ ఆ మాటతో మీ బాధ మీలోనే ఉండిపోయి పిల్లాడి మీద పడుతోంది. ఒక రాత్రి ఆయన్ని కూర్చోబెట్టి మేనేజర్ అన్న మాట అన్నట్టే చెప్పండి. తన జీతాన్ని చూపించి భార్య జీతం తగ్గించారంటే ఆయనకూ కోపం వస్తుంది. పిల్లాడితో, ‘షాపులో టెన్షన్‌గా ఉండి నిన్ను కసిరాను నాన్నా, నీ తప్పేం లేదు’ అని ఒక్కమాట చెప్పండి. జీతం స్లిప్పు చేతికొచ్చాక అందులో ఏదైనా అర్థం కాకపోతే మళ్లీ రాయండి.