స్విచ్ నంబర్ల పని చేస్తున్న అమ్మాయిని క్లౌడ్‌లోకి మార్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంజనీరింగ్ అయ్యాక ఒక డేటా సెంటర్‌లో స్టోరేజ్ టీమ్‌లో చేరింది. ఏడాది కావస్తోంది. ఏం పని చేస్తున్నావంటే, స్టోరేజ్ నెట్‌వర్క్‌లో స్విచ్‌లకు ఇచ్చే డొమైన్ ఐడీల లెక్క చూస్తున్నానంటుంది. నంబర్ల లెక్క కూడా ఒక ఉద్యోగమేనా? తనతో చదివినవాళ్లంతా క్లౌడ్, ఏఐ అంటున్నారు. ఇది మాన్పించి క్లౌడ్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. పైగా శని, ఆదివారాలు రాత్రిపూట కూడా పని ఉంటోంది. – ఒక తండ్రి

జవాబు: పోలిక అడిగారు, దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు ఉత్తరంలో రాయకుండా వదిలేసిన సంగతి ఒకటి ఉంది. "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పే జవాబు మీ దగ్గర లేదు. క్లౌడ్ అంటే ఎదుటివాళ్లు తలూపుతారు, ఏఐ అంటే ఇంకాస్త గట్టిగా ఊపుతారు, డొమైన్ ఐడీ అంటే అర్థంకానట్టు చూస్తారు. టెస్టింగ్‌లో చేరిన పిల్లల తల్లిదండ్రులు, బ్యాకప్‌లు చూసే పిల్లల తల్లిదండ్రులు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు, ఉద్యోగం పేరొక్కటే మారుతుంది. అందుకని ఆ పనేమిటో ముందు మీకు అర్థమయ్యేలా చెబుతాను, తర్వాత మాన్పించాలో వద్దో మీరే ఆలోచించండి.

పెద్ద సంస్థల్లో ఏ సర్వర్ డేటా ఆ సర్వర్‌లోని డిస్కులోనే అన్నట్టు ఉండదు. డిస్కులన్నీ ఒకచోట, సర్వర్లన్నీ ఒకచోట, మధ్యలో ఫైబర్ ఛానెల్ (డిస్కులకూ సర్వర్లకూ మధ్య డేటా మోసే పద్ధతి) స్విచ్‌ల నెట్‌వర్క్. దాన్నే శాన్ అంటారు, అందులో ఒకదానితో ఒకటి కలిసి పనిచేసే స్విచ్‌ల గుంపును ఫాబ్రిక్ అంటారు. ఆ ఫాబ్రిక్‌లో ప్రతి స్విచ్‌కీ ఒక నంబర్ ఉండాలి, ఒకరి నంబర్ ఇంకొకరికి ఉండకూడదు. అదే డొమైన్ ఐడీ. 1 నుంచి 239 వరకే వాడుకోవచ్చు, మిగతావి ప్రత్యేక అవసరాలకు పక్కన పెట్టారు. స్విచ్‌కి తగిలించిన ప్రతి సర్వర్‌కీ, ప్రతి స్టోరేజ్ పెట్టెకీ 24 బిట్ల చిరునామా ఒకటి వస్తుంది, అందులో మొదటి 8 బిట్లు ఈ డొమైన్ ఐడీయే. అంటే ఇది ఆ చిరునామాకి ఇంటిపేరు లాంటిది. స్విచ్ ఇంటిపేరు మారితే దాని వెనక ఉన్న వాళ్లందరి పూర్తి పేర్లూ మారిపోతాయి. ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్‌కి దారి వెతికేది కూడా ఈ నంబర్‌ను బట్టే.

ఇక్కడ మీరు "ఆ నంబర్లేవో మెషీనే ఇచ్చుకోవచ్చు కదా" అంటారు. ఇచ్చుకుంటుంది. స్విచ్‌లు కలిసినప్పుడు వాటిలో ఒకటి ప్రిన్సిపల్ స్విచ్‌గా నిలబడుతుంది, ప్రయారిటీ అంకె తక్కువున్నదానికి ఆ పదవి, ప్రయారిటీ సమానమైతే డబ్ల్యూడబ్ల్యూఎన్ (ప్రతి పరికరానికీ పుట్టుకతోనే ఉండే సొంత గుర్తింపు సంఖ్య) చిన్నదైనదానికి. మిగతా స్విచ్‌లకు నంబర్లు మంజూరు చేసేది అదే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. నడుస్తున్న రెండు ఫాబ్రిక్‌లను ఎవరో కేబుల్‌తో కలుపుతారు, రెండు పక్కలా 1వ నంబర్ స్విచ్ ఉంటుంది (బ్రోకేడ్ అనే కంపెనీ స్విచ్‌లు పెట్టె విప్పేసరికి 1వ నంబర్‌తోనే వస్తాయి, కాబట్టి ఇది వింతేమీ కాదు), ఆ లింకు కలవకుండా సెగ్మెంట్ అయి, అంటే రెండు పక్కలూ విడివిడిగానే ఉండి, నిలబడిపోతుంది. అది కాస్త నయం, కనీసం కనబడుతుంది. ఆపేసి ఉన్న స్విచ్‌కి కేబుల్ పెట్టి ఆన్ చేస్తే, నంబర్ గట్టిగా పట్టుకోమని ముందే చెప్పి ఉండకపోతే, ప్రిన్సిపల్ దానికి ఇంకో నంబర్ ఇచ్చేయవచ్చు, అదీ సరేనని తీసుకుంటుంది, పైకి అంతా పచ్చగానే ఉంటుంది. కాసేపటికి ఒక్కొక్క సర్వరే డిస్కు కనబడటం లేదంటుంది.

ఎందుకు కనబడదంటారా? ఎవరు ఎవరితో మాట్లాడవచ్చో చెప్పే జోనింగ్‌ను కొన్నిచోట్ల డబ్ల్యూడబ్ల్యూఎన్‌తో రాస్తారు, కొన్నిచోట్ల డొమైన్ ఐడీ, పోర్టు (స్విచ్‌లో కేబుల్ తగిలించే చోటు) నంబర్ కలిపి రాస్తారు. రెండో పద్ధతిలో రాసి ఉంటే నంబర్ మారగానే ఆ జోన్ చెల్లదు. హెచ్‌పీ-యూఎక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడిచే పాత సర్వర్లలో డిస్కు దారి పేరులోనే ఈ చిరునామా కలిసి ఉండేది, ఐబీఎం వాళ్ల ఏఐఎక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో డైనమిక్ ట్రాకింగ్ పెట్టకపోతే చిరునామా మారిన డిస్కును అది వెతుక్కోలేదు. అందుకే సిస్కో ఎండీఎస్ స్విచ్‌ల్లో నంబర్‌ను ప్రిఫర్డ్ అనీ స్టాటిక్ అనీ రెండు రకాలుగా పెట్టవచ్చు: ప్రిఫర్డ్ అయితే అడిగింది దొరక్కపోతే ఇచ్చింది తీసుకుంటుంది, స్టాటిక్ అయితే అడిగింది ఇవ్వనప్పుడు విడిగా ఉండిపోతుంది కానీ వేరే నంబర్ ఒప్పుకోదు. బ్రోకేడ్‌లో ఇన్‌సిస్టెంట్ అనేది ఇలాంటిదే, మెయిన్‌ఫ్రేమ్‌కి వాడే ఫైకాన్ నెట్‌వర్కుల్లో స్విచ్‌లు కలిపినప్పుడు అది తప్పనిసరి. మరి నంబర్ మార్చి సరిచేద్దామంటే, బ్రోకేడ్‌లో స్విచ్‌ను డిజేబుల్ చేసి మార్చి మళ్లీ ఎనేబుల్ చేయాలి, అంతసేపూ దానిమీద ఉన్న దారులన్నీ తెగిపోయి ఉంటాయి.

కాబట్టి మీ అమ్మాయి చూసే లెక్క ఉత్త జాబితా కాదు. ఒకటి పోయినా రెండోది నడిచేలా ఎ, బి అని రెండు ఫాబ్రిక్‌లు కట్టుకున్నచోట బుర్ర పెట్టేవాళ్లు ఎ ఫాబ్రిక్‌కి బేసి, బి ఫాబ్రిక్‌కి సరి సంఖ్యలు ఇస్తారు, రెండిటికీ లింకు లేకపోయినా సరే, ఎర్రర్ లాగ్‌లో నంబర్ చూడగానే ఏ వైపు సమస్యో తెలియడానికి. రేపు ఇంకో సంస్థను కలుపుకుంటే వాళ్ల స్విచ్‌లతో తగాదా రాకుండా కొన్ని వరసలు ఖాళీగా వదిలిపెడతారు. తీసేసిన స్విచ్ నంబర్‌ను కొత్తదానికి ఇచ్చేముందు పాత జోన్లు వెతుకుతారు, లేకపోతే ఎప్పుడో పోయిన సర్వర్ పేరిట ఉన్న అనుమతి కొత్తగా అదే పోర్టులో తగిలించినదానికి దక్కుతుంది. ఏడాది కూడా నిండని పిల్ల చేతికి ఇది ఇచ్చారంటే ఆ టీమ్‌లో ఎవరికో తన మీద గురి ఉంది.

ఇక క్లౌడ్. క్లౌడ్ మీద నాకు కోపం లేదు, ఉద్యోగాలు అక్కడే ఎక్కువ, కాదనను. నా అనుమానమంతా "క్లౌడ్ కోర్సు" మీద. కొన్ని నెలల కోర్సు, స్క్రీన్ మీద బటన్లు నొక్కి సర్వర్ పుట్టించడం, చివర్లో సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్‌తో వచ్చే పిల్లలతో మాట్లాడుతుంటాను. స్టోరేజ్ వాల్యూమ్ ఎందుకు నెమ్మదించిందంటే ఇంకా పెద్దది తీసుకోవాలంటారు. దారి తెగితే ఏం చేస్తావంటే మళ్లీ కొత్తది పెడతానంటారు. వాళ్లను తప్పుపట్టను, పాడైన వ్యవస్థను వాళ్లకెవరూ చూపించలేదు, కోర్సులో అన్నీ మొదటిసారికే పనిచేస్తాయి మరి. ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు ఒకే సర్టిఫికెట్, ఒకే ప్రాజెక్టు, ఒకే వాక్యాలతో బయోడేటాల కట్ట ఉంటుంది. మీ అమ్మాయి ఉన్న ఉద్యోగం వదిలి ఆ కట్టలో ఇంకొకటిగా చేరాలని మీ కోరిక. ఆ ఏడాది అనుభవం దగ్గర కాగితం సగంలో తెగుతుంది, ఎందుకు మానేశావని అడుగుతారు, "నాన్న చెప్పారు" అనాలి తను.

ఇంకో సంగతి వినండి. అమెజాన్ క్లౌడ్‌లో ప్రతి రీజియన్‌లోనూ డిఫాల్ట్‌గా వచ్చే నెట్‌వర్క్ చిరునామా 172.31.0.0/16, ఎవరు తెరిచినా అదే. రెండు టీములు దానిమీదే పని కట్టుకుంటూపోయి ఓ రోజు రెండిటినీ పీరింగ్‌తో (రెండు నెట్‌వర్కులను నేరుగా కలిపే పద్ధతి) కలపబోతే కుదరదు, చిరునామాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయంటుంది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్‌లోనూ అంతే, చిరునామాలు అతివ్యాపించే నెట్‌వర్కులను పీరింగ్ చేయనివ్వదు. రెండు పక్కలా 1వ నంబర్ స్విచ్ ఉన్న కథే ఇది. కలిసే రోజు రాకముందే చిరునామాలు పంచిపెట్టుకోవాలి, నడుస్తున్నదాన్ని తర్వాత మార్చడం నరకం అన్న ఇంగితం మీ అమ్మాయికి ఇప్పటికే వంటబట్టి ఉండాలి. రేపు తను క్లౌడ్‌కి వెళ్లినా దీన్ని వెంట తీసుకెళ్తుంది. అందుకే ఇది అటా ఇటా అన్న పోటీలా నాకు కనబడటం లేదు, మీరడిగిన పోలిక ఇక్కడే సగం వీగిపోయింది.

మిగతా సగం నిజాయితీగా చెబుతాను. ఫైబర్ ఛానెల్ పోతుందన్న మాట కొత్తది కాదు. 1994లో ప్రమాణంగా వచ్చింది, 2004లో ఐఎస్‌సీఎస్‌ఐ (స్టోరేజ్‌ను మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద నడిపే పద్ధతి) వచ్చినప్పుడు ఇక దీని పని అయిపోయిందన్నారు, 2009లో ఎఫ్‌సీఓఈ (ఫైబర్ ఛానెల్‌నే ఈథర్‌నెట్ మీద నడిపే పద్ధతి) వచ్చినప్పుడూ అన్నారు, ఇప్పుడు ఎన్‌వీఎమ్‌ఈని (వేగమైన ఫ్లాష్ డిస్కులతో మాట్లాడే భాష) మామూలు ఈథర్‌నెట్ మీద నడిపే పద్ధతిని చూపించి అంటున్నారు. ఎన్‌వీఎమ్‌ఈ ఫైబర్ ఛానెల్ మీద కూడా నడుస్తుంది, అదే ఫాబ్రిక్, అవే డొమైన్ ఐడీలు. బ్యాంకులు, టెలికాం, బీమా లాంటి చోట్ల నడిచే వ్యవస్థలను అంత తేలిగ్గా కదపరు. అయినా ఇది చిన్న లోకం. ఎన్‌పీవీ, యాక్సెస్ గేట్‌వే లాంటి పద్ధతుల్లో, తమ సర్వర్ల సంగతి లోపలి స్విచ్‌కే అప్పగించి అంచున ఉండే స్విచ్‌లకు డొమైన్ ఐడీయే అక్కర్లేదు, లెక్క చూసే పని ఆ మేరకు తగ్గుతుంది. స్విచ్‌లు చేసే కంపెనీలే ఒకటి రెండు మిగిలాయి, బ్రోకేడ్‌ని కూడా 2017లో బ్రాడ్‌కామ్ కొనేసింది. ఈ ఒక్క పనిమీదే పదేళ్లు కూర్చుంటే ఇబ్బందే, అది నేను దాచను. ఏడాదికే లేచి పారిపోవడం మాత్రం తొందరపాటు.

కోప్పడుతున్నాననుకోకండి, అనుకున్నా పర్వాలేదు. ఉత్తరం మొత్తంలో మీ అమ్మాయికి ఆ పని నచ్చిందో లేదో ఒక్క ముక్క లేదు. తనతో చదివినవాళ్ల సంగతి ఉంది, మీ ఆలోచన ఉంది, "చేర్పిద్దామనుకుంటున్నాం" ఉంది. సంపాదించుకుంటున్న మనిషిని ఎల్‌కేజీలో చేర్పించినట్టు చేర్పించడమేమిటండీ? తను మీకు డొమైన్ ఐడీ అంటే ఏంటో చెప్పాలని ప్రయత్నించే ఉంటుంది, మీరు వినేలోపే "అదీ ఒక ఉద్యోగమేనా" అనేసి ఉంటారు. ఇంకోసారి అడగండి, ఈసారి చివరిదాకా వినండి. విసుగొస్తోంది, నచ్చలేదు అని తనే అంటే అప్పుడు మీ ఇద్దరూ కలిసి నాకు రాయండి, జవాబు వేరే ఉంటుంది.

నచ్చిందంటే మాత్రం టెన్షన్ పెట్టుకోకండి. తను చూసుకోవాల్సినవి కొన్నే. ఇప్పటికీ జాబితాలో అంకెలు నింపడమే చేస్తోందా, లేక ఫాబ్రిక్‌లు కలిపేటప్పుడు పక్కన కూర్చోనిస్తున్నారా? నంబర్ మార్పుకి ప్లాన్ తనచేత రాయిస్తున్నారా, అది తేడా కొడితే వెనక్కి ఎలా వెళ్లాలో కూడా రాయిస్తున్నారా? తన ఫాబ్రిక్‌లో ప్రిన్సిపల్ స్విచ్ ఏదో, అది పోతే ఆ పదవి దేనికి వెళ్తుందో తడుముకోకుండా చెప్పగలదా? ఇవి లేకపోతే వెళ్లి మేనేజర్‌ని అడగాలి, అడగడానికి ఏడాది అనుభవం చాలు. ఆ జాబితాను చేత్తో నింపే బదులు, స్విచ్‌లనుంచి నంబర్లు లాగి పోల్చి, తేడా ఉంటే చెప్పే చిన్న పైథాన్ స్క్రిప్టు తనే రాసుకుంటే, కోర్సులో చూపించే ప్రాజెక్టు కంటే ఇంటర్వ్యూలో అదే ఎక్కువ మాట్లాడుతుంది. లైనక్స్ ఎలాగూ రావాలి. క్లౌడ్ సాయంత్రాల్లో మెల్లగా చదువుకోవచ్చు, ఉద్యోగం మానాల్సినంత బ్రహ్మవిద్య కాదు.

వారాంతపు రాత్రిపని గురించి. దారులు తెగే మార్పులు వాడకం తక్కువున్న వేళల్లోనే చేయనిస్తారు, దాన్ని చేంజ్ విండో అంటారు, క్లౌడ్ టీముల్లోనూ ఇది తప్పదు. నెలకు ఎన్నిసార్లు, మర్నాడు సెలవు ఇస్తున్నారా, ఇంటికి వెళ్లడానికి బండి ఏర్పాటు ఉందా అన్నవి తనను అడిగి తెలుసుకోండి. ప్రతి వారాంతం తననే పిలుస్తూ మర్నాడు పొద్దున్నే మళ్లీ రమ్మంటున్నారంటే అది ఆ టీమ్ తప్పు, అప్పుడు టీమ్ మారాలి, మారేది కూడా స్టోరేజ్‌లోనే ఇంకో చోటికి అయితే ఈ ఏడాది వృథా కాదు.