పొరుగు దేశాల పొత్తు ఎంతవరకు పనికొస్తుంది?

ప్రశ్న: ప్రపంచీకరణతో పేద దేశాలు నష్టపోతున్నాయి, ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి ఒక మార్కెట్ అయిపోతే చాలు, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు అంటున్నారు. నిజంగా అయ్యే పనేనా? (ఒక పాఠకురాలు)

జవాబు: అయ్యే పనే. ఆ "చాలు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. సుంకాలు తగ్గిస్తామని సంతకాలు పెట్టడం సులువు. మన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది, ఆ దేశాల మధ్య సాఫ్టా అనే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006 నుంచి అమల్లో ఉంది, అయినా ఈ దేశాల మొత్తం వ్యాపారంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో అది 20 శాతం పైనే. భారత్, పాకిస్తాన్‌ల మధ్య మాటల్లేకపోతే మిగతా ఆరు దేశాలూ చూస్తూ కూర్చోవాల్సిందే. 2014లో కాట్మండూలో జరిగాక మళ్లీ సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. పైగా అందరూ బట్టలే అమ్ముతామంటే కొనేదెవరు?

అసలు చిక్కు డబ్బు దగ్గర ఉంది. 1997లో థాయిలాండ్ కరెన్సీ బాట్ కుప్పకూలి, ఆ మంట ఇండోనేషియా, దక్షిణ కొరియాలకు అంటుకున్నప్పుడు అందరూ అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) గుమ్మం ఎక్కారు. షరతులు మామూలుగా లేవు, ఇండోనేషియాలో ఒక్క దెబ్బకు 16 బ్యాంకులు మూతపడ్డాయి. మనకే ఒక నిధి పెట్టుకుందాం అని జపాన్ అప్పుడే అంటే అమెరికా, ఐఎంఎఫ్ పడనివ్వలేదు. చివరికి 2000లో చియాంగ్ మాయ్‌లో ఆసియాన్ దేశాలు చైనా, జపాన్, కొరియాలతో కలిసి, డాలర్లు కరువైతే ఒకరికొకరు ఇచ్చుకునే ఏర్పాటు చేసుకున్నాయి. ఇప్పుడది 24,000 కోట్ల డాలర్ల నిధి. వినడానికి ఎంత బాగుందో చూడండి, కానీ ఒక దేశం తన వాటాలో 40 శాతం దాటి తీసుకోవాలంటే మళ్లీ ఐఎంఎఫ్ కార్యక్రమంలో చేరాల్సిందే! 2008లో డాలర్లకు కటకట వస్తే కొరియా ఈ ఏర్పాటు వైపు చూడలేదు, అమెరికా కేంద్ర బ్యాంకుతో 3,000 కోట్ల డాలర్ల స్వాప్ (తన కరెన్సీ ఇచ్చి డాలర్లు తెచ్చుకునే) ఒప్పందం చేసుకుంది. నాకు తోచిన కారణం ఒకటే, అప్పిచ్చి "ఖర్చులు తగ్గించుకో" అని పక్కింటివాడికి చెప్పే చెడ్డపేరు ఎవరికీ అక్కర్లేదు, ఆ పని ఐఎంఎఫ్ చేస్తే అందరికీ హాయి.

ఆఫ్రికా వాళ్లు మాత్రం ఈ మూలాన్ని పట్టుకున్నట్టున్నారు. పక్కపక్క దేశాల మధ్య చెల్లింపు కూడా చాలాసార్లు డాలర్లలోకి మారి ఎక్కడో దూరపు బ్యాంకు చుట్టూ తిరిగొచ్చేది. 2021లో ఖండమంతటి స్వేచ్ఛా వాణిజ్యం మొదలుపెట్టి, మరుసటి ఏడాదే సొంత కరెన్సీల్లో చెల్లించుకునే పాప్స్ అనే వ్యవస్థ తెచ్చారు. ఇంకా చిన్నదే, కానీ నాకు ఆశ ఉన్నది ఇలాంటి వాటి మీదే.

ఇక పెద్ద పొరుగువాడి సంగతి. నేపాల్ తన జలవిద్యుత్ బంగ్లాదేశ్‌కు అమ్మడం 2024 నవంబరులో గానీ మొదలవలేదు, అదీ 40 మెగావాట్లు. మధ్యలో ఉన్నది భారత్ భూమి, భారత్ తీగలు, అది సరేనన్నాకే కరెంటు కదిలింది.