టెస్ట్ పేపర్ మీద నాన్న సంతకం తనే పెట్టేశాడు!

ప్రశ్న: మాది అనంతపురం. రెండేళ్ల క్రితం మావారి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాం. మా బాబుకు 12 ఏళ్లు, ఏడో తరగతి. ఈ మధ్య అబద్ధాలు మొదలుపెట్టాడు. కన్నడ టెస్ట్ పెట్టలేదన్నాడు. నోట్‌బుక్ స్కూల్లో మర్చిపోయానన్నాడు. చివరికి పేపర్ మీద వాళ్ల నాన్న సంతకం తనే పెట్టేశాడు. మావారు బెల్టుతో కొట్టారు. అయినా మార్పు లేదు. చెడిపోతున్నాడేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, మారతహళ్లి

డాక్టర్ సలహా: అమ్మా, మీరు రాసిన మూడు అబద్ధాలూ కన్నడ చుట్టూనే ఉన్నాయి, గమనించారా? డబ్బుల గురించి, స్నేహితుల గురించి ఒక్కటీ లేదు. తోటివాళ్లు చిన్నప్పటి నుంచీ చదువుతున్న భాషను మీ బాబు ఐదో తరగతిలో మొదలుపెట్టాడు. వాడు దాస్తున్నది ఆ భయాన్ని.

పిల్లలు రెండున్నర, మూడేళ్లకే అబద్ధం ఆడతారు. వెనక బొమ్మ పెట్టి, చూడొద్దని చెప్పి బయటికెళ్తే చాలామంది తొంగిచూస్తారు, అడిగితే చూడలేదంటారు. తనకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చని అర్థమైతేనే ఆ మాట వస్తుంది. అది మెదడు ఎదుగుదలలో ఒక భాగం. మూడేళ్లవాడు ఆ వెంటనే బొమ్మ పేరు కూడా చెప్పేసి దొరికిపోతాడు. పెద్దయ్యేకొద్దీ దొరక్కుండా చెప్పడం నేర్చుకుంటారు.

బెల్టు మాత్రం ఈ రోజే ఆపించండి. పరిశోధకులు విక్టోరియా తల్వార్, కాంగ్ లీ పశ్చిమాఫ్రికాలో రెండు స్కూళ్ల పిల్లలను ఇలాగే వెనక బొమ్మ పెట్టి పరీక్షించారు. కొట్టే స్కూల్లోని పిల్లలే ఎక్కువ అబద్ధమాడారు, దాన్ని దొరక్కుండా నిలబెట్టుకున్నదీ వాళ్లే. 2011లో వచ్చిన అధ్యయనం ఇది. నా క్లినిక్‌లోనూ చూస్తుంటాను: ప్రశ్న అడిగేది నేను, జవాబు చెప్పేముందు పిల్లాడు చూసేది నాన్న ముఖం.

జవాబు తెలిసీ ‘టెస్ట్ పెట్టారా?’ అని అడగకండి. వాడితో అబద్ధం ఆడించినట్టే అవుతుంది. ‘పేపర్ చూశాను, మార్కులు తగ్గాయి. ఏం చేద్దాం?’ అనండి. సంతకం విషయం వదిలేయమని కాదు. వాడే టీచర్‌కు చెప్పాలి, పక్కన మీరో మీవారో నిలబడాలి. నిజం చెప్పిన రోజు తిట్లు పడకూడదు.

వాడికి తెలుగు చదవడం వస్తే సగం కష్టం తీరినట్టే. గ, ర, న, ల లాంటి అక్షరాలు కన్నడలో చూడగానే పోల్చుకోవచ్చు. క, త దగ్గరే కాస్త తడబడతారు. రోజూ పావుగంట మీరూ పక్కన కూర్చుని, దారిలో కనిపించే బస్సు బోర్డులు చదివించండి.

ఇంగ్లిష్‌లోనూ అక్షరాలు తారుమారు చేస్తున్నా, చదవడం బాగా నెమ్మదిగా ఉన్నా, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉందేమో పరీక్ష చేయించాలి. దొంగతనం, స్కూల్ ఎగ్గొట్టడం, జంతువులను హింసించడం, ఇంట్లోంచి పారిపోవడం లాంటివి అబద్ధాలతో పాటు కనిపిస్తే ఆలస్యం చేయకండి. నిద్ర, తిండి తగ్గి డల్‌గా ఉన్నా, చచ్చిపోతానన్నా వెంటనే చూపించాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు కన్నడ, ఇంగ్లిష్ నోట్‌బుక్‌లు రెండూ తీసుకెళ్లండి. మీవారిని కూడా రమ్మనండి.