బీరువాలో అమ్మ చీరలు, టీపాయ్ మీద గిన్నెలా ముడుచుకున్న లేసు: మీ ప్రశ్నలకి జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం బొంతల మీదే. చలి పడగానే అందరికీ పాత చీరలు గుర్తొస్తాయేమో. ఒకేలాంటివి కలిపేశాను కాబట్టి మీ ప్రశ్న మాటలు కాస్త మారి కనిపిస్తే ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ చీరలు పదకొండు నా దగ్గరున్నాయి. ఆరు నూలువి, మూడు సింథటిక్, రెండు పట్టు. వీటితో బొంత కుట్టాలని ఉంది కానీ కత్తెర పెట్టాలంటే చెయ్యి రావట్లేదు. నాకు మిషన్ రాదు, చేతికుట్టు మాత్రం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: కత్తెర పెట్టకండి. అసలు బొంతకి కత్తెరతో పెద్దగా పని లేదు. మన ఇళ్లలో బొంతలు కుట్టినవాళ్లు చీరని మడతపెట్టి కుట్టేసేవాళ్లు, అంతే. చీర పొడవు 5.5 మీటర్లు, పన్నా దాదాపు 1.15 మీటర్లు. సగానికి మడిస్తే 2.75 మీటర్ల పొడవున రెండు పొరలు వస్తాయి. అలా మడిచిన రెండు చీరలు ఒకదాని మీద ఒకటి పరిస్తే నాలుగు పొరలు, అంటే ఒక మనిషి కప్పుకునే బొంత తయారైనట్టే. తెనాలి చలికి అది చాలు. ఆదిలాబాద్‌లో ఉండుంటే ఇంకో చీర లోపల పెట్టమనేదాన్ని. డబుల్ కాట్ కోసమైతే మాత్రం చీరని మధ్యకి కోసి రెండు ముక్కలూ అంచుకి అంచు కలిపి కుట్టాలి, అప్పుడు ఒక చీరకి ఒక్క పొరే వస్తుంది. మీకు ఇప్పుడది వద్దు.

ముందు చీరలు వేరు చెయ్యండి. ఈ బొంతకి నూలువి మాత్రమే వాడండి. సింథటిక్ చీర నూలు పక్కన నిలవదు, కుడుతుంటే జారిపోతుంది. పైగా ఉతికినప్పుడు నూలు కాస్తో కూస్తో ముడుచుకుంటుంది, ఇది ముడుచుకోదు, దాంతో బొంతంతా ఉబ్బులు ఉబ్బులుగా తయారవుతుంది. పట్టుచీర లోపల పెట్టడం ఇంకా తప్పు, మడతల దగ్గర చిరుగుతుంది, జరీ ఊడి గుచ్చుకుంటుంది. ఆ రెండూ అలాగే ఉంచుకోండి, ఎప్పుడైనా కట్టుకుంటారు.

నూలువాటికి ఫాల్ ఊడదీయండి. చాలామంది ఇది మర్చిపోతారు. ఫాల్ గుడ్డ గట్టిగా ఉండి ఆ అంచు దగ్గర సూది దిగక వేళ్లు నొప్పి పుడతాయి. తర్వాత అన్నీ ఒకసారి ఉతికి ఆరేయండి. కుచ్చిళ్లు దోపుకునే చోటా, మడమ తగిలే అంచు దగ్గరా గుడ్డ పలచబడి ఉంటుంది, ఆ భాగాలు లోపలి పొరల్లోకి వచ్చేలా మడవండి. పైకి ఏది రావాలో మీకే తెలుసు. మీ అమ్మగారు ఎక్కువసార్లు కట్టిన చీర ఎలాగూ మెత్తబడి ఉంటుంది, ఒంటికి తగిలే వైపు అది పెట్టుకోండి.

ఇక అసలు పని. నేల శుభ్రంగా తుడిచి పొరలు పరవండి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు బరువు పెట్టండి, ముడతలు మధ్య నుంచి అంచులకి చేత్తో తోసెయ్యండి. ఇప్పుడు టాకాలు, అంటే జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వెయ్యాలి, ఇవీ మధ్యలో మొదలుపెట్టి అంచులకి వెళ్లాలి. ఈ పని ఒక్క పూట పడుతుంది, విసుగు కూడా, కానీ ఇది ఎగ్గొట్టినవాళ్ల బొంత చివర ఒక మూల ఎప్పుడూ మిగిలిపోయి వేలాడుతుంది. నా మొదటి బొంత అలాగే ఉంది, ఇప్పటికీ.

టాకాలయ్యాక బొంతంతా వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవాలి. దారం మూరకి మించి తీసుకోవద్దు. పొడుగు దారమైతే మాటిమాటికీ ఎక్కించే పని ఉండదని అనిపిస్తుంది, కానీ అది చిక్కుపడి ఇంకా ఆలస్యం. ఉండ నుంచి ముందు వచ్చిన కొస సూదిలోకి ఎక్కించి, తెంపిన వైపు ముడి వేస్తే దారం తక్కువ మెలిపడుతుంది. వరసకీ వరసకీ రెండు వేళ్ల ఎడం. కుట్లు సమానంగా రాకపోతే రాకపోనివ్వండి.

ఒక ముచ్చట చెప్పి వదిలేస్తాను. కర్ణాటకలో ఎల్లాపుర, హళియాళ వైపు అడవి ఊళ్లలో సిద్ది ఆడవాళ్లు (ఆఫ్రికా మూలాలున్నవాళ్లు) కవంది అని ఇలాంటి బొంతలే కుడతారు. వాళ్ల పద్ధతి తిరగేసి ఉంటుంది, ఒక మూల మొదలుపెట్టి అంచుల చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చి నడిమధ్యలో ముగిస్తారు. చివర నాలుగు మూలలా గుడ్డని మడిచి పువ్వుల్లాంటి చిన్న ముక్కలు కుడతారు, అవి లేని బొంత బోసిగా ఉన్నట్టే లెక్క వాళ్లకి. మీ పట్టుచీరల జాకెట్టు ముక్కలు ఏవైనా ఉంటే మీ బొంతకీ నాలుగు మూలలా పెట్టండి.

ప్రశ్న: వీడియోలు చూసి క్రోషా నేర్చుకున్నా. టీపాయ్ మీదకి గుండ్రటి మ్యాట్ మొదలుపెడితే నాలుగో వరసకే అంచు అలలు అలలుగా లేచింది. మొత్తం విప్పి, ఇంకో వీడియో చూసి అల్లితే ఈసారి గిన్నెలా ముడుచుకుంది. నా చేతిలోనే ఏదో లోపం ఉందా?
(ఒక డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

జవాబు: మీ చేతిలో ఏ లోపమూ లేదు, తేడా లెక్కలో వచ్చింది. గుండ్రంగా అల్లేటప్పుడు ప్రతి వరసకీ ఎన్ని కుట్లు పెంచాలో కుట్టు ఎత్తుని బట్టి ఉంటుంది. పొట్టి కుట్టు, అంటే సింగిల్ క్రోషా అయితే మొదటి వరసలో 6, తర్వాత 12, 18, 24, ఇలా ఆరేసి చొప్పున పెరగాలి. పొడుగు కుట్టు, అంటే డబుల్ అయితే 12తో మొదలై 24, 36, 48. పెంచాల్సిన దానికంటే ఎక్కువ పెంచితే అలలు, తక్కువ పెంచితే గిన్నె. మీకు రెండూ వచ్చాయి కాబట్టి రెండు వైపులా తప్పు చేసి చూసేశారన్నమాట.

అయితే రెండు వీడియోల్లోనూ చెప్పినట్టే చేశానంటారా? అప్పుడు చూడాల్సింది వేరే ఉంది. అమెరికా వాళ్లు సింగిల్ అనేదాన్నే బ్రిటన్ వాళ్లు డబుల్ అంటారు, అమెరికా వాళ్ల డబుల్ వీళ్లకి ట్రెబుల్. పేరొకటే, కుట్టు వేరు. బ్రిటన్ పద్ధతిలో డబుల్ కుట్లు ఆరేసి పెంచమన్నారనుకోండి, మీరు అమెరికా డబుల్ అల్లితే గిన్నె కాక ఇంకేమవుతుంది! వీడియోలో పేరు వినకండి, వేళ్లు చూడండి. కింది కుట్టులోకి గుచ్చే ముందు దారాన్ని సూది చుట్టూ ఒకసారి తిప్పుతున్నారంటే అది పొడుగు కుట్టు, తిప్పకుండా గుచ్చితే పొట్టిది.

వరస మొదలయ్యే కుట్టుకి ఒక పిన్నీసు తగిలించి, ప్రతి వరస చివర లెక్కపెట్టుకోండి. అయిపోయాక తడిపి, పలచటి గంజి పెట్టి, థర్మోకోల్ ముక్క మీద గుండ్రంగా సాగదీసి తుప్పు పట్టని గుండుసూదులు గుచ్చి ఆరనివ్వండి. చిన్నచిన్న వంకరలన్నీ గంజి సర్దేస్తుంది. ఎక్కువకాలం బీరువాలో దాచేదైతే మాత్రం గంజి వదిలేలా ఉతికి పెట్టండి, లేకపోతే బొద్దింకలకి విందే.

ప్రశ్న: అత్తగారి పాత కాళ్ల మిషన్ నాకిచ్చారు. కుట్టు పైన బాగానే ఉంది, కింద మాత్రం దారం ఉచ్చులు ఉచ్చులుగా పోగుపడుతోంది. బాబిన్ కేస్ పోయిందనీ మార్చాలనీ రిపేరు చేసే అతను అంటున్నాడు.
(హైదరాబాద్)

జవాబు: మార్చే ముందు ఒక పూట ఆగండి. కింద ఉచ్చులు పడితే ఎక్కువసార్లు తప్పు పై దారానిదే. పై దారం మొత్తం తీసేసి, మిషన్ పాదం, అంటే గుడ్డని నొక్కి పట్టేది, పైకి లేపి మళ్లీ ఎక్కించండి. పాదం కిందికి ఉన్నప్పుడు దారాన్ని పట్టి ఉంచే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి దిగదు, పైపైన జారుతూ ఉంటుంది. (మిషన్‌కి టెన్షన్ చాలకపోతే ఆ టెన్షన్ మనకొస్తుంది.) తర్వాత సూది మార్చండి, పది రూపాయల సూది మార్చకుండా వేల రూపాయల రిపేర్లు చేయించిన ఇళ్లు నాకు తెలుసు. సూదికి ఒక వైపు నిలువుగా గాడి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది, దారం ఆ గాడి వైపు నుంచే ఎక్కాలి. మామూలు నూలు గుడ్డకి 14 నంబరు, పలచటి వాటికి 11, జీన్స్‌కీ బొంతలకీ 16. ఇన్నీ చేశాక కూడా ఉచ్చులు పడితే అప్పుడు బాబిన్ కేస్, అంటే కింది దారం కండె పెట్టే డబ్బీ, దాని సంగతి చూద్దురు గాని. ఇంకొకటి, కొబ్బరి నూనె పొయ్యకండి. చలికి గడ్డకట్టి జిగురవుతుంది. మిషన్ ఆయిల్ అనే అడిగి కొనండి.

ప్రశ్న: పిల్లల ఫ్రాకులు, టోపీలు క్రోషాతో అల్లుతాను. మా వీధిలో వాళ్లకి నచ్చి అల్లిపెట్టమంటారు, దారం డబ్బులు ఇస్తారు. కష్టానికి అడిగితే "ఖాళీగానే ఉంటావు కదా, టీవీ చూస్తూ అల్లేదే కదా" అంటారు. అడగడం నా తప్పా?
(ఒక గృహిణి, భీమవరం)

జవాబు: ఈ మాట భీమవరంలో వినపడటమే నాకు ఆశ్చర్యం. ఆశ్చర్యం అన్నానా? కాదు లెండి, అక్కడే ఎక్కువ వినపడి ఉంటుంది. మీకు కూతవేటు దూరంలో నరసాపురం. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి ఊళ్లలో ఆడవాళ్లకి క్రోషాతో లేసు అల్లడం నేర్పారు, ఆ లేసు దేశాలు దాటి వెళ్లింది, 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. అదే లేసు మీద 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడికొచ్చి అధ్యయనం చేసి 1982లో పుస్తకం వేశారు. ఇంటిపని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్న ఆడవాళ్లని అందరూ "ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్లు, తీరిక వేళ అల్లుకుంటారు" అనే అనుకునేవాళ్లని, కూలి అంత అడుగున ఉండటానికి ఆ మాటే ఆసరా అయిందని అందులో చూపించారు. మీ వీధివాళ్లు అన్నది అదే మాట. వాళ్లకి ఆ పుస్తకం సంగతి తెలియదు, మీకు తెలిసింది కదా.

ఇంకో సంగతి. రెండు సూదుల అల్లిక (నిట్టింగ్), అంటే ఊలు స్వెట్టర్లలాంటివి, యంత్రం మీద వస్తాయి. క్రోషా మాత్రం యంత్రం మీద రాదు, దాన్ని పోలిన లేసు వస్తుంది అంతే. ఎక్కడ నిజమైన క్రోషా కనిపించినా అది ఎవరో కూచుని చేత్తో అల్లిందే. బజార్లో చవగ్గా దొరుకుతోందంటే ఆ తక్కువ ఎవరి చేతి నుంచి పోయిందో ఆలోచించమనండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. మొదలుపెట్టిన టైము, ఆపిన టైము రాయండి, టీవీ ఆన్‌లో ఉన్నా సరే. ఉదాహరణకి ఫ్రాకుకి దారం 150 రూపాయలు, 14 గంటలు పట్టింది, గంటకి 60 చొప్పున వేసుకుంటే 840, మొత్తం 990. ఈ అంకె అడిగినవాళ్లకి చూపించండి. కొంతమంది వెనక్కి పోతారు, పోనివ్వండి. మేనకోడలికో స్నేహితురాలి బిడ్డకో అయితే ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా మనసారా అల్లివ్వండి. ఊరికే ఇస్తే బహుమతి, పూర్తిగా తీసుకుంటే బేరం. దారం డబ్బులు మాత్రం తీసుకునే మధ్యరకం లెక్క ఉంది చూశారూ, మీ సరదా అంతా అక్కడే పోతోంది.

ప్రశ్న: మా అమ్మాయికి డాలస్‌లో డెలివరీ. నేను వెళ్లేలోపు పాపకి బొంత కుట్టి తీసుకెళ్లాలని. దూది పెట్టి మందంగా కుట్టనా?
(విశాఖపట్నం)

జవాబు: కుట్టండి, కానీ పలచగా. అక్కడి పిల్లల డాక్టర్లు ఏడాది లోపు పిల్లల తొట్టెలో బొంతలు, దుప్పట్లు, దిండ్లు ఏవీ ఉంచొద్దనే చెప్తారు, ఊపిరాడకపోయే ప్రమాదం ఉంటుందని. మీ అమ్మాయి వద్దంటే చిన్నబుచ్చుకోకండి. నేల మీద పాప బోర్లా పడి ఆడుకోవడానికి పరిచేలా, మీటరు చదరంగా, నూలు చీర నాలుగు పొరలతో కుట్టండి. గుండీలు, పూసలు, అద్దాలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

ప్రశ్న: నాకు 62 ఏళ్లు, డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పక్కన కూచుని క్రోషా నేర్చుకుంటానంటే మా మనవడు నవ్వుతున్నాడు. ఈ వయసులో వస్తుందా?
(వరంగల్)

జవాబు: ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ తిప్పిన చేతికి సూది తిప్పడం రాకపోవడమేంటండీ! సన్నటి లేసు దారంతో మాత్రం మొదలుపెట్టకండి, కళ్లు లాగుతాయి. లావు నూలు దారం, లేత రంగుది, 4 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. నలుపు, ముదురు నీలం అసలొద్దు, కుట్టు ఎక్కడుందో కనపడదు. మధ్యాహ్నం వెలుగు ఎడమ భుజం మీదుగా పడేలా కూచోండి, మీది ఎడమచేతి వాటమైతే కుడి వైపు నుంచి. మొదటి వారం గొలుసులా సాగే చైన్ కుట్లు తప్ప ఏమీ వద్దు, తర్వాత గిన్నెలు తుడుచుకునే చదరపు గుడ్డ ఒకటి. అది వంకరగా వచ్చినా గిన్నెలకి అభ్యంతరం ఉండదు. మీ మనవడికి ఇంకో సూది చేతికిచ్చి పది చైన్ కుట్లు సమానంగా వెయ్యమనండి, అప్పుడు ఎవరు నవ్వుతారో నాకు రాయండి.