చిగుళ్ల జబ్బుతో కరిగిన ఎముక మళ్లీ వస్తుందా?

ప్రశ్న: నా వయసు 44. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం. ఆరేళ్లుగా షుగర్ ఉంది. కింది దవడ పన్ను దగ్గర చిగురు వాచి, నొక్కితే చీము వస్తోంది. ఎక్స్‌రేలో ఎముక కరిగిందని తేలింది. ఒక డాక్టర్ సర్జరీ చేసి బోన్ గ్రాఫ్ట్ (ఎముక పెరగడానికి గుంటలో నింపే పొడి) వేద్దామంటున్నారు, ఇంకొకరు పన్ను తీసేసి ఇంప్లాంట్ పెట్టించుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఒక్క మాట, పన్ను పీకించుకోవడానికి తొందరపడకండి. ఇంప్లాంట్ పెడితే ఈ బాధ ఉండదని చాలామంది అనుకుంటారు గానీ, చిగుళ్ల జబ్బు, షుగర్ అదుపులో లేకపోతే ఇంప్లాంట్ చుట్టూ కూడా ఎముక ఇలాగే కరగొచ్చు.

పోయిన ఎముక పెరుగుతుందా అంటే, కొన్ని చోట్ల పెరుగుతుంది. అది ఎముక కరిగిన చోట పడిన గుంట ఆకారాన్ని బట్టి ఉంటుంది. పళ్లన్నింటి చుట్టూ ఎముక సమానంగా కిందికి తగ్గిపోయి ఉంటే దాన్ని తిరిగి పైకి తేవడం ఈరోజుకీ కష్టమే. అలా కాకుండా వేరు పక్కనే నిలువుగా గుంటపడి, దానికి రెండు మూడు వైపులా ఎముక గోడలు మిగిలి ఉంటే, లోతు 3 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే, ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. కాబట్టి మీ డాక్టర్‌ను సూటిగా అడగండి: "నాది ఏ రకం గుంట? ఎన్ని గోడలున్నాయి? పన్ను ఎంత కదులుతోంది?"

సర్జరీలో చిగురును తెరిచి, వేరు మీది గారను, కుళ్లిన కండను శుభ్రం చేసి, గుంటలో గ్రాఫ్ట్ పొడి నింపి, పైన పల్చని పొర కప్పి కుట్లు వేస్తారు. ఆ పొర ఎందుకంటే, చిగురు చర్మం చాలా వేగంగా పెరిగి గుంటలోకి దిగిపోతుంది, ఎముక, పన్నును పట్టి ఉంచే నారలు మెల్లగా పెరుగుతాయి, పొర అడ్డం ఉంటే వాటికి సమయం దొరుకుతుంది. కొందరు మీ రక్తమే కొంచెం తీసి యంత్రంలో తిప్పి తయారుచేసిన పీఆర్‌ఎఫ్ కూడా వాడతారు. ఇంకో సంగతి, ఈ పొడులు, పొరలు, జెల్‌లలో కొన్ని ఆవు నుంచో పంది నుంచో తీసినవి ఉంటాయి. మీకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ అభ్యంతరం ఉంటే సర్జరీకి ముందే చెప్పండి, ల్యాబ్‌లో తయారైనవీ దొరుకుతాయి.

అయితే నేరుగా సర్జరీకి వెళ్లకూడదు. మొదట చిగురు లోపలిదాకా డీప్ క్లీనింగ్ చేయించుకుని, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పాకెట్ (పన్నుకీ చిగురుకీ మధ్య ఉండే సందు) లోతు మళ్లీ కొలిపించుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న చిగుళ్లలో అది 1 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 6 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉండి, రక్తమో చీమో వస్తుంటేనే సర్జరీ గురించి ఆలోచించాలి. ఒక్క పన్ను దగ్గరే చీము అంటున్నారు కాబట్టి పన్ను లోపలి నరం బతికే ఉందా అని కూడా పరీక్ష చేయించుకోండి, చెడిపోయి ఉంటే ముందు రూట్ కెనాల్ కావాలి.

షుగర్ విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతాను. మూడు నెలల షుగర్ పరీక్ష, అదే హెచ్‌బీఏ1సీ, 7 శాతానికి దగ్గరగా వచ్చేదాకా ఈ ఖర్చు పెట్టకండి. సిగరెట్, జర్దా, గుట్కా ఉంటే మానేయాలి, సిగరెట్ కాలుస్తూ ఉంటే గ్రాఫ్ట్ సరిగ్గా పనిచేయదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

సర్జరీ అయ్యాక దాదాపు రెండు వారాలు ఆ వైపు బ్రష్ వద్దు, డాక్టర్ రాసిన మౌత్‌వాష్ వాడండి, మెత్తటి అన్నమే తినండి. ఎక్స్‌రేలో మార్పు కనిపించడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, నెలకే కనిపించలేదని టెన్షన్ పడకండి. ఆ తర్వాత మూడు నెలలకోసారి క్లీనింగ్ తప్పనిసరి, అది మానేస్తే జబ్బు తిరిగొస్తుంది.

పెరియోడాంటిస్ట్‌కే, అంటే చిగుళ్ల స్పెషలిస్ట్‌కే చూపించండి. ప్రైవేట్‌లో ఖర్చు భారమనిపిస్తే అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఆ విభాగం ఉంది, ఉదయం ఓపీకి పాత ఎక్స్‌రేలు, షుగర్ రిపోర్టులు పట్టుకెళ్లండి. ఈలోపు దవడ వాపు పెరిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా మాత్రం ఓపీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.