సింహవాల కోతులు చెట్లు దిగవంటారు కదా, మరి తమిళనాడులోని వాల్పారై రోడ్ల మీద వాహనాల కింద ఎందుకు పడుతున్నాయి?

చెట్టు నుంచి చెట్టుకు కొమ్మల దారి తెగిపోవడమే అసలు కారణం. పడమటి కనుమల సతతహరిత అడవిలో కొమ్మలు కలిసి ఉన్నంతవరకు ఈ కోతికి నేలతో పెద్దగా పని ఉండదు. పనస, అత్తి పళ్లు, పురుగులు దీని తిండి. కల్లీనియా అనే అడవి చెట్టు పూలు, గింజలు మరీ ముఖ్యం. ఆ కాయ గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. కోతి దాన్ని పళ్లతో, వేళ్లతో చీల్చి లోపలి గింజలు తింటుంది.

ఆనమలై కొండల్లోని వాల్పారైలో బ్రిటిష్ వారి కాలం నుంచి తేయాకు, కాఫీ తోటల కోసం అడవిని నరికేశారు. మిగిలినవి చిన్న చిన్న ముక్కలు. తేయాకు తోటలో నీడకు వేసే సిల్వర్ ఓక్ చెట్టు దూరదూరంగా ఉంటుంది, తినడానికి పండూ ఇవ్వదు. దాంతో మంద కిందికి దిగి రోడ్డు దాటుతుంది. దానికి తోడు కార్లలోంచి చిప్స్, అరటిపళ్లు విసిరితే అక్కడే కాపు కాస్తుంది. ఆడది ఈతకు ఒక్క పిల్లనే కంటుంది, అదీ రెండు మూడేళ్లకోసారి. అందుకే ఒక తల్లి పోతే ఆ లోటు ఏళ్ల తరబడి తీరదు.

రోడ్డుకు అడ్డంగా, చెట్ల మధ్య పాత ఫైర్ హోస్ పైపులతో (మంటలార్పే నీటి గొట్టాలతో) అల్లిన వంతెనలు కడితే కోతులు వాడుకుంటున్నాయి. వేలాడే కొమ్మలను రోడ్డు పనుల పేరుతో కొట్టకపోతే ఆ వంతెన అవసరమే రాదు. ఆ దారిన వెళ్తే దయచేసి ఏమీ విసరకండి, మలుపుల్లో వేగం తగ్గించండి.